గౌరమ్మలో సుజాత

కంపెనీ మొత్తాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని పద్మనాభం నెత్తిన పడింది. పడిందంటే ఎవరో పనిగట్టుకుని తోశారనుకునేరు, అదేం లేదు. పాతవాళ్ళలో అందరినీ ఎరిగినవాడు ఎవరని ప్లాంటు మేనేజరు మంజునాథ్ మీటింగులో అడిగాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి ఈయన వైపే చూశారు. అంతమంది అలా చూస్తూ ఉంటే కాదనడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది?

ఎలక్ట్రానిక్ సిటీలో ఉందా ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ. పద్మనాభం అక్కడ ప్లానింగ్ సెక్షన్ మనిషి. ఏ ఆర్డరు ఏ వారం ఎవరి చేతిలో ఉండాలో తేల్చేది ఆయనే. ఇన్నేళ్ళూ ఆ వ్యవహారమంతా గోడమీది తెల్లబోర్డుతోనూ, ఒక ఎక్సెల్ షీటుతోనూ, మిగిలింది పద్మనాభం గొంతుతోనూ నడిచిపోయింది. ఇప్పుడు పెద్దల మనసు మారింది. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. సోమవారం నుంచి పని పంచేది అదేనట.

మంజునాథ్ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. అందులో పేరున్నవాళ్ళకే పని వస్తుంది. పేరు లేనివాళ్ళు మిగులు కింద లెక్క. వాళ్ళను నర్సాపుర దగ్గర కొత్తగా లేపిన ప్యాకింగ్ షెడ్డుకు పంపించేస్తారు. నర్సాపుర ఎక్కడ, ఎలక్ట్రానిక్ సిటీ ఎక్కడ! కోలారు దారిలో ఆ మూల అది. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లల్ని బడిలో వేసుకున్నవాళ్ళకు నర్సాపుర బదిలీ అంటే ఉద్యోగం మానెయ్యమని మర్యాదగా చెప్పడమే. పద్మనాభం అంతా విని తలూపాడు. తన చేతిమీదుగా ఒకరి పేరు తప్పిపోతుందన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు.

ఆయనకు తోడుగా హరిణి అనే అమ్మాయి వచ్చింది. నంద్యాల పిల్ల. మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటూ, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలో పనిచేస్తోంది. మొదటిరోజే ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ముందు డిపార్ట్‌మెంట్లు కట్టుకోవాలి. వాటి కింద రిసోర్సులు పెట్టుకోవాలి. రిసోర్సంటే పని చేయగలిగింది ఏదైనా సరే, మనిషైనా, క్రేనైనా, ఓవెనైనా. ఆ తర్వాత యూజర్లు. యూజరంటే పొద్దున్నే లోపలికొచ్చి తన వంతు పనేమిటో చూసుకునే తాళంచెవి ఉన్నవాడు. మనుషుల్నీ క్రేన్లనూ ఒకే సంచిలో వేయడం పద్మనాభానికి నవ్వు తెప్పించింది. అయితే మన క్యాంటీన్ దోసె పెనం కూడా రిసోర్సేనా అని అడిగాడు. బుక్ చేసేవాళ్ళుంటే అదీ రిసోర్సే సార్ అంది హరిణి, నవ్వకుండా.

పని మొదలైంది. డిజైన్, కోర్ కటింగ్, వైండింగ్, ట్యాంకులు, టెస్టింగ్ అని ఒక్కో డిపార్ట్‌మెంటూ తెరమీద గడి కడుతూ ఉంటే పద్మనాభానికి గడికో జ్ఞాపకం లేచి వచ్చేది. అబ్బ, ఆ జ్ఞాపకాలతో హరిణి పడిన పాట్లు! టెస్టింగ్ గడిలో ఒక పేరు పెట్టాలంటే, ఆ టెస్టింగ్ గదిలోకి పాము దూరిన కథ ముందు వినాలి. మొదటి రెండు రోజులు ఆ పిల్ల గడియారం చూసుకుంది. మూడో రోజు నుంచి తనే, ఈయనది ఏం కథ సార్ అని అడగడం మొదలుపెట్టింది.

వైండింగ్ గడి దగ్గరికొచ్చేసరికి పద్మనాభం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అది ఆయన పుట్టిల్లు.

కంపెనీ అప్పట్లో మాగడి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండేది. వానొస్తే పక్కవాడి మాట వినపడేది కాదు. వార్నిషు వాసన చొక్కాకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాయిల్ చుట్టడానికి మెషీను ఒక్కటే ఉన్నా మనుషులు ఇద్దరు కావాలి. ఒకరు పెద్దచెయ్యి, తీగను నడిపించి వరస చుడతారు. ఎదురుగా కూర్చున్న రెండో చెయ్యి వరస అయిన ప్రతిసారీ కాగితం వేసి, టేపు బిగించి, రీలు చూసుకుంటుంది. కాగితం వెంట్రుకంత పక్కకు జరిగినా ఆ కాయిల్ పనికిరాదు. పద్మనాభం మీసాలు సరిగ్గా రాని వయసులో ఆ షెడ్డులోకొచ్చి అంజినప్పకు రెండో చెయ్యి అయ్యాడు. ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాడు.

ఎంత హాయైన రోజులవి! చుట్లు లెక్కపెడుతున్నంతసేపూ మాట్లాడటానికి లేదు. కనుబొమ్మ ఎగరేస్తే కాగితం, గడ్డం తిప్పితే టేపు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నంతగా వాళ్ళ భార్యల ముఖాలు కూడా చూసి ఉండరు. పదింటికి ఎదురుగా ఉన్న దర్శిని హోటల్లో బైటూ కాఫీ. ఒక కాఫీని రెండు లోటాల్లో పోయించుకుని, నురగ ఎక్కువున్న లోటాను అంజినప్ప ఈయన వైపు జరిపేవాడు. ఒకసారి పద్మనాభం జ్వరంతో రాలేదు. అంజినప్ప మెషీనుకు గుడ్డ కప్పేసి, చీపురు పట్టుకుని షెడ్డు ఊడ్చాడట. ఏమయిందని ఫోర్‌మన్ అడిగితే, నా చెయ్యొకటి ఈ పొద్దు జ్వరమొచ్చి ఇంట్లో పండుకోనుండాది అన్నాడట. ఆ మాట పద్మనాభం ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటూ ఉంటాడు. అంజినప్ప పోయి కొన్నేళ్ళయింది.

వైండింగ్‌లో ఇంకో ఆనవాయితీ ఉంది. జోడి మొత్తానికి పెద్దచేతి పేరే. అంజినప్పా అని ఫోర్‌మన్ కేకేస్తే ఇద్దరూ లేచి వెళ్ళాలి. అంజినప్ప కాయిల్ బాగుందంటే ఇద్దరి ఛాతీ ఉబ్బాలి. షెడ్డు మారింది, మెషీన్లు మారాయి, మగవాళ్ళ చోట ఇప్పుడు అందరూ ఆడవాళ్ళే ఉన్నారు. ఆనవాయితీ మాత్రం మారలేదు. గౌరమ్మ మెషీను అంటే గౌరమ్మా, ఆమె ఎదురుగా కూర్చునే సుజాతా అని అందరికీ తెలుసు.

అందుకే పద్మనాభం వైండింగ్ కింద పెద్దచేతుల పేర్లు మాత్రమే చెప్పాడు. ఒక్కో మెషీనుకు ఒక్క పేరే చాలా సార్ అని హరిణి అడగనే అడిగింది.

“చాలమ్మా. ఆ పేరు పిలిస్తే ఇద్దరూ వస్తారు,” అన్నాడు పద్మనాభం ధీమాగా.

ఆ అమ్మాయికి కాయిల్ అంటే ఏమిటో తెలియదు, ఈయనకు కంప్యూటర్ పిలిస్తే ఒక్కరే వస్తారని తోచలేదు. సరిపోయింది జోడి! గౌరమ్మ పేరు టైపు చేస్తూ ఆయన ఎంత మురిసిపోయాడో. పాత షెడ్డు పద్ధతి కొత్త సాఫ్ట్‌వేర్‌లో కూడా బతికిందనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అందరి ఫోన్లకూ సందేశాలొచ్చాయి. పెద్దచేతులకు సోమవారం పనులు వచ్చాయి. రెండో చేతులందరికీ నర్సాపుర వచ్చింది.

టీ టైములో సుజాత ప్లానింగ్ గదికి వచ్చింది. కదిరి వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త హనుమంతు బిల్డింగు పనుల్లో సెంట్రింగ్ కూలి. హెబ్బగోడిలో ఒక గది. పాప అక్కడే రెండో తరగతి. మూడు మాటలకు మించి మాట్లాడి ఎరగని సుజాత, ఫోను ఆయన బల్లమీద పెట్టి నిలబడింది.

“దీంట్లో నా పేరు యాడుండాది సార్?”

పద్మనాభం తడుముకోకుండా చెప్పేశాడు. “గౌరమ్మలో ఉండావు కదమ్మా.”

“గౌరమ్మక్కలో నేనెందుకుంటా సార్? మా యమ్మ నాకంటూ ఒక పేరు పెట్టింది కదా.”

కోపంగా అని ఉంటే ఆయన కసురుకునేవాడేమో. ఆమె నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. పద్మనాభం తన కథ చెప్పబోయాడు. తానూ ఏళ్ళ తరబడి అంజినప్పలోనే ఉన్నానన్నాడు. ఎంత సంతోషంగా ఉన్నానో అన్నాడు. సుజాత అంతా విని, మీరు రెండో చేతి నుంచి లేచొచ్చినారు కాబట్టి మీకట్ల అనిపిస్తుంది సార్ అంది. పాప బడి మాన్పించి నర్సాపుర పోవల్లనా, పని మానేసి ఇంట్లో కూర్చోవల్లనా, అదొక్కటి చెప్పండి చాలు అంది. ఆమె ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మెట్రోలో ఆయనకు సీటు దొరికింది, స్థిమితం మాత్రం దొరకలేదు. మొదట్లో తనను తాను సమర్థించుకున్నాడు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనుకున్నాడు. కాసేపు హరిణి మీదికి నెట్టి చూశాడు. ఏదీ నిలబడలేదు. బొమ్మనహళ్ళి దాటేసరికి ఎప్పుడూ లేనిది వాళ్ళమ్మ గుర్తుకొచ్చింది.

వాళ్ళది కబ్బన్‌పేటలో తరాలుగా పాతుకుపోయిన నేతవాళ్ళ ఇల్లు. ముందుగదిలో తండ్రి పాపయ్య మగ్గం. ఆ సందులో పాపయ్య మగ్గం అంటే పేరు. అంచు చూసి ఇది పాపయ్య చీర అని చిక్కపేట షావుకార్లు చెప్పేసేవాళ్ళు. మగ్గం పక్కన నేలమీద రాట్నం ముందు అమ్మ లక్ష్మీదేవి కూర్చునేది. కండెలు చుట్టేది. పోగు తెగితే అతికేది. పాపయ్య చెయ్యి చాపేలోపు కండె ఆ చేతిలో ఉండేది. షావుకారొచ్చి చీరను మెచ్చుకుంటుంటే అమ్మ లేచి చేతులు తుడుచుకుని కాఫీ పెట్టడానికి వెళ్ళేది. ఆ చీరలో ఆమె ఉందని ఎవరూ అనలేదు. ఎదురుగానే కూర్చుని బడి లెక్కలు చేసుకునే పద్మనాభం కూడా అనలేదు.

ఒకరోజు పాపయ్య ఇంట్లో లేనప్పుడు అమ్మ పద్మనాభాన్ని పిలిచింది. నా పేరెట్ల రాస్తారో చూపించురా అంది. ఆయన సుద్దముక్కతో మగ్గం గుంజ మీద పెద్ద పెద్ద అక్షరాలతో లక్ష్మీదేవి అని రాశాడు. అమ్మ దగ్గరికొచ్చి చూసింది, దూరం జరిగి చూసింది. దీర్ఘాలన్నీ వేలితో తడిమింది. వీధిలో తండ్రి చెప్పుల చప్పుడు వినపడగానే కొంగుతో తుడిచేసింది. ఎందుకమ్మా తుడిచేసినావని అడిగితే, సుమ్నే, ఊరికేనే, గుంజ పాడైతాది కదప్పా అంది.

ఇన్నేళ్ళూ ఆ సంగతి పద్మనాభానికి గుర్తే లేదు. రెండో చేతి బతుకు ఎంత బాగుంటుందో అని ఊరంతా చెప్పుకుతిరిగినవాడు ఇంట్లోని రెండో చేతిని మరిచిపోయాడు. అంజినప్ప లోటాలోని నురగ గుర్తుంది, అమ్మ కొంగుకంటిన సుద్ద గుర్తులేదు. ఆయనకు తనమీద తనకే రోత పుట్టింది. దిగాల్సిన చిక్కపేట స్టేషను దాటిపోయాక గానీ లేవలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళి మంజునాథ్ ముందు నిలబడ్డాడు. తప్పు నాదే, రెండో చేతుల పేర్లు నేనే వదిలేశానని చెప్పాడు. మంజునాథ్ చెడ్డవాడేం కాదు, లెక్కల మనిషి. పేర్లు కలపడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు. అయితే మెషీన్లు నాలుగే ఉన్నప్పుడు మనుషులు ఎనిమిదిమందయితే సగంమంది ఖాళీగా ఉన్నట్టు రిపోర్టు చూపిస్తుంది, పైవాళ్ళు వచ్చే నెల మళ్ళీ వాళ్ళనే పంపించమంటారు, అప్పుడేం చేస్తావన్నాడు. ఇద్దరూ లేకపోతే పని జరగదని ఆ సాఫ్ట్‌వేరే చెప్పాలి, సాయంత్రంలోగా అలా చెప్పించగలిగితే బదిలీలు ఆపేస్తానన్నాడు.

పద్మనాభం హరిణికి ఫోన్ చేశాడు. సెలవు రోజని విసుక్కుంటుందేమో అనుకున్నాడు, ఆ పిల్ల క్యాబ్ ఎక్కి వచ్చేసింది. ఆమెను కంప్యూటర్ దగ్గరికి కాకుండా ముందు వైండింగ్ షాపులోకి తీసుకెళ్ళాడు. శనివారం కూడా పని నడుస్తోంది. గౌరమ్మ తీగ నడిపిస్తోంది. ఎదురుగా సుజాత. బదిలీ కాగితం వస్తుందని తెలిసి కూడా ఆమె చెయ్యి ఎక్కడా తడబడటం లేదు. వరస పూర్తయ్యేసరికి, గౌరమ్మ తలెత్తకముందే, కాగితం వచ్చి కూర్చుంది.

హరిణి చాలాసేపు చూసింది. “ఈ విషయం ముందే చెప్పుంటే ఎంత బాగుండేది సార్,” అంది. తర్వాత నిష్ఠూరం మానేసి, దీనికో దారుందని చెప్పింది. మనిషి పేరుతో పాటు ఆ మనిషి చేసే పాత్ర కూడా పెట్టొచ్చు. చుట్టేవారు అని ఒక పాత్ర, కాగితం వేసేవారు అని ఇంకొకటి. కాయిల్ పనికి రెండూ తప్పనిసరి అని కడితే, రెండు పేర్లూ నిండేదాకా ఆ పని తెరుచుకోనే తెరుచుకోదు. అప్పుడు ఎవరూ ఖాళీగా కనపడరు.

మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని అదే కట్టారు. వైండింగ్ గడిని విప్పి మళ్ళీ పేర్చారు. ఈసారి పద్మనాభం ఒక్క కథ కూడా చెప్పలేదు. ప్రతి మెషీను దగ్గరికీ వెళ్ళి, నీ పూర్తి పేరు ఎట్ల రాస్తావమ్మా అని రెండో చేతులను అడిగి రాసుకొచ్చాడు. గౌరమ్మ అది చూసి, ఇంతకాలానికి మీ సార్‌కు కండ్లు కనపడతా ఉండాయే అని సుజాతను మోచేత్తో పొడిచింది.

చివరికి మంజునాథ్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఏదీ చూపించమన్నాడు. హరిణి ఒక ఉత్తుత్తి కాయిల్ పని తెరిచింది. గౌరమ్మ పేరొక్కటే పెట్టి నొక్కింది. పని తెరుచుకోలేదు. ఇంకొకరు కావాలని తెర ఎర్రగా అడిగింది. ఇప్పుడు రెండో పేరు పెట్టి చూపించాలి. సుజాతా వాళ్ళంతా బదిలీ జాబితాలో ఇరుక్కుని ఉన్నారు, ఆ ముడి మంజునాథ్ విప్పేదాకా వాళ్ళ పేర్లు ఇక్కడ ఎక్కవు.

“టెస్టుకే కదా సార్, తోచిన పేరేదో ఒకటి కొట్టండి,” అంది హరిణి.

పద్మనాభం కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. లక్ష్మీదేవి అని కొట్టాడు. డిపార్ట్‌మెంట్ దగ్గర వైండింగ్ అని పెట్టాడు. పాత్ర దగ్గర కాగితం వేసేవారు. రోజుకు ఎన్ని గంటలు అని తెర అడిగింది, ఎనిమిది అని పెడుతూ తనలో తనే నవ్వుకున్నాడు. పొద్దు పొడవకముందు రాట్నం ముందు కూర్చున్న మనిషి దీపం పెట్టాక కదా లేచేది. నొక్కాడు. ఎరుపు పోయి పచ్చబడి, పని తెరుచుకుంది.

మంజునాథ్ ఇంకో రెండుసార్లు అటూ ఇటూ మార్చి చూసి, సరేనని లేచాడు. సాయంత్రం టీ వేళకు బదిలీలు రద్దయ్యాయి.

సోమవారం పొద్దున వైండింగ్ షాపులో తిరునాళ్ళలా ఉంది. అందరూ గోడ పక్కన పెట్టిన తెర ముందు గుమికూడి ఎవరి పేరు వాళ్ళు తెరుచుకుంటున్నారు. సుజాత వంతు వచ్చింది. తన పేరు కనపడగానే వెనక్కి తిరిగి పద్మనాభం కోసం చూసింది. ఆయన దూరం నుంచే తలూపాడు. నీ పేరు మీద ఈ పొద్దు బైటూ కాఫీ నువ్వే ఇప్పియ్యల్ల అని గౌరమ్మ ఆమె జబ్బ పట్టుకుని మెషీను దగ్గరికి లాక్కుపోయింది.

మధ్యాహ్నం హరిణి ప్లానింగ్ గదిలో చివరి సర్దుళ్ళు చేస్తోంది. టెస్టు కోసం పెట్టినవన్నీ తీసేస్తూ పోయి ఒకచోట ఆగింది. వైండింగ్‌లో లక్ష్మీదేవి అని మీరు పెట్టిన పేరుంది, తీసేద్దామా సార్ అంది. తియ్యాల్సిందే కదా, లేని మనిషికి పని వస్తే ఎలా? తీసెయ్యమ్మా అన్నాడు పద్మనాభం. అన్నాక అటు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

హరిణి నొక్కింది. కాసేపటికి మళ్ళీ నొక్కింది. “పూర్తిగా పోదు సార్ ఇది. ఒకసారి పనిలో పేరెక్కితే సిస్టమ్ తుడవనివ్వదు. ఇప్పుడు పనిలో లేరు అని మాత్రం పెడుతుంది. పేరు అట్లే ఉండిపోతుంది.”

పద్మనాభం లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. దగ్గరికొచ్చి చూశాడు, దూరం జరిగి చూశాడు.

“ఎవరొచ్చి తుడిచినా పోదా?”

“పోదు సార్. నావల్ల కూడా కాదు. ఎవరు సార్ ఈమె?”

“మా యమ్మ,” అన్నాడు పద్మనాభం. “పాపయ్య మగ్గంలో రెండో చెయ్యి.”